లైనుకి ఆరు మాటలు

మా ఇంట్లో అత్తా అల్లుడూ ఎదురుగా నిలబడి మాట్లాడుకోరు. గొడవేం లేదు, పద్ధతి అంతే. మా అమ్మ బతికినన్నాళ్లూ మా ఆయన జక్రయ్యతో తలుపు చాటునుంచే మాట్లాడింది. నేనూ అదే నేర్చుకున్నాను. కరుణాకర్ మా అల్లుడై పదేళ్లు. ఉండేది నా ఇంట్లోనే. అయినా అన్నానికి రమ్మనాలంటే మా అమ్మాయి సువార్తతో చెప్పించేదాన్ని. సువార్త పోయాక దాని కూతురు ఆరాధనతో.

"ఆరాధనా, మీ నాన్నని కాళ్లూ చేతులూ కడుక్కోమను."

అతను నాలుగడుగుల దూరంలో మంచం మీదే కూర్చుని ఉంటాడు. పిల్ల అటు తిరిగి, "నాన్నా, కాళ్లూ చేతులూ కడుక్కోవాలంట" అనేది. అప్పుడే విన్నట్టు లేచేవాడు.

"మీ ఇద్దరికీ చెవుడా అమ్మమ్మా?" అని అడిగింది ఒకసారి. దానికి ఆరేళ్లు.

"ఔను" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఇది నిరుడు మిరప కోతల కాలంలో జరిగింది. ఆ ఏడు కాయకి ధర లేదు. మిర్చి యార్డుకి తోలిన రైతులు వ్యాపారులు అడిగిన రేటు విని, తోలిన బండ్లే వెనక్కి తిప్పుకొచ్చారు. కల్లాల్లో కాయ ఎర్రగా పరుచుకుని అలాగే ఉండిపోయింది. పర్చూరు రోడ్డు పొడుగునా కోల్డ్ స్టోరేజీల ముందు లారీలు బారులు తీరాయి. కరుణాకర్ అలాంటి ఒక స్టోరేజీలో మిషన్లు చూస్తాడు. ఆదివారం తప్ప ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఒంట్లోంచి ఎప్పుడూ చల్లటి ఘాటు వాసన వచ్చేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, గుడి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, అల్లుడికి ఫోను వచ్చింది. స్పీకరు పెట్టి, నాకూ వినపడేలా ఫోను గడప మీద పెట్టాడు.

"నమస్తే అండీ, నేను పిడుగురాళ్ల నుంచి శ్యామ్ సుందర్‌ని. సువార్త గారూ నేనూ ఒకే గ్రూపులో సబ్‌టైటిల్స్ చేసేవాళ్లం. ఆవిడ చేసినవి ఇంట్లో ఏమైనా ఉన్నాయేమోనని. నాలుగేళ్లుగా అడుగుదామనుకుంటూ నోరు రాక అడగలేదు."

ఆ మాటకి అర్థం నాకు తెలియదు. అల్లుడు పిల్లకి చెబుతున్నట్టు నాకు చెప్పాడు. "వేరే దేశం సినిమా ఉంటుంది కదమ్మా. వాళ్ల భాష మనకి రాదు. వాళ్లు మాట్లాడేది కింద తెలుగులో రాస్తారు. అమ్మ ఆ పని చేసేది. డబ్బులకి కాదు, ఊరికే."

సువార్త మీసేవలో కంప్యూటరు మీద పనిచేసేది. ఇంటికొచ్చాక కూడా ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటే ఆఫీసు పనే అనుకున్నాను. కళ్లు పోతాయే అని అరిచేదాన్ని. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, మే నెలలో, జ్వరం వచ్చిన ఐదో రోజున అంబులెన్సు వచ్చింది. నేను దానికి సగ్గుబియ్యం జావ కాస్తున్నాను. గిన్నె దించి బయటికొచ్చేసరికి బండి మలుపు తిరిగింది. అంతే. మా అమ్మ పోయినప్పుడు నేను పత్తి చేలో ఉన్నాను. జక్రయ్య కాయ లోడు మీద గుంటూరు పోయి అక్కడే ఎండదెబ్బకి పడిపోయిన రోజున, అతను లారీ ఎక్కేటప్పుడు నేను పంపు దగ్గర బిందె పెట్టుకుని ఉన్నాను. నన్ను విడిచిపోయిన ముగ్గురూ నేను చూడనప్పుడే పోయారు. అందుకే ఇంట్లోంచి ఎవరు బయటికెళ్లినా మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడతాను. పాలవాడైనా సరే.

ల్యాప్‌టాప్ ట్రంకుపెట్టెలో దాని చీరల కింద ఉంది. అల్లుడు గుంటూరు తీసుకెళ్లి బాగుచేయించాడు. తొమ్మిది సినిమాలు దొరికాయి. ల్యాప్‌టాప్ సంచిలో సువార్త రాసుకున్న నోటుపుస్తకం కూడా ఉంది.

ఆ సంగతి చెప్పడానికి చేసిన ఫోనులో శ్యామ్ సుందర్ చాలాసేపు మాట్లాడాడు. "ఎవరికీ తెలియని సినిమాలే ఆవిడకి కావాలండీ. ఎక్కడో ఒక్క హాల్లో వారం ఆడి పోయినవి, తీసిన దేశంలోనే మర్చిపోయినవి. అందరూ చూసేవి చెయ్యండి మేడం అంటే, వాటికి అందరూ ఉన్నారుగా, అనేది. ఆవిడతో మాకు ఒకటే తగువు. లైన్లు మరీ చిన్నవి. ఎంత పెద్ద డైలాగైనా కోసి కోసి ఆరు మాటలకి తెచ్చేది. ఎందుకండీ అంటే, నా సినిమా చూసే మనిషి నెమ్మదిగా చదువుతుంది, అనేది."

నేను వంటింట్లోకి వెళ్లి గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

నేను బడికి పోలేదు. కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని, నోటికొచ్చిన కీర్తన పాడుతూ, ఏ మాట ఏ గుర్తు మీద ఉందో వేలుపెట్టి వెతుక్కుంటూ అక్షరాలు పట్టుకున్నాను. అప్పటికి నాకు ముప్పై దాటింది. తర్వాత పొట్లాల కాయితాలు, విత్తనాల సంచుల మీద రాత, ఆపైన లైబ్రరీ పుస్తకాలు. కానీ ఇప్పటికీ నా చదువు నడకే, పరుగు కాదు. సువార్త చిన్న చిన్న చీటీలు నా ముందు పెట్టి, "ఇది చదవమ్మా" అని ఫోన్లో టైము చూసేది. "ఇంకా అన్నం గంజి కూడా వార్చలేదు, నీ ఆటలేంటే" అని ఒకసారి చీటీ విసిరికొట్టాను. దాని మీద "సముద్రం ఇవాళ నిద్రపోలేదు" అని ఉంది. పిచ్చి రాతలనుకున్నాను.

మొదటి ఆదివారం ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, అల్లుడు కుర్చీలో కూర్చున్నాడు. ఆరాధన కింద. నేను వంటింటి గడప లోపల.

ఎక్కడో ఉత్తరాన సముద్రం మధ్య ఒక దీవి. గాలి ఎంతంటే ఇంటికీ ఇంటికీ మధ్య తాళ్లు కట్టుకుని, అవి పట్టుకుని నడుస్తారు. అక్కడ క్షవరం చేసే ఆయన ఒకడు. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే పడవెక్కి వెళ్లిపోతుంటారు. ఆఖరికి ఆయనా, ఒక ముసలాయనా మిగులుతారు. ముసలాయనకి తల మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా శనివారం శనివారం వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఈయన గుడ్డ కప్పి, గాల్లో కత్తెర ఆడిస్తాడు.

ఇంతలో తెర కింద తెల్లటి అక్షరాలు: "సముద్రం ఇవాళ నిద్రపోలేదు."

గడప లోపల్నుంచి అక్షరాలు సరిగా ఆనలేదు. లేచి గడప ఇవతలికి వచ్చి కూర్చున్నాను. అల్లుడు చూడనట్టే కుర్చీ కొంచెం పక్కకి జరిపాడు.

*

కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే హనుమాయమ్మ అందుకుంది. మేమిద్దరం ఇరవయ్యేళ్లుగా పక్కపక్కనే కూర్చుని కాయలు ఏరుతున్నాం. తెల్లబోయిన కాయ ఒక పక్కకి, ఎర్రది ఒక పక్కకి. చేతులతో పాటు నోరు కూడా ఆడకపోతే ఆమెకి పని సాగదు.

"ఏమక్కా, మీకు ఈస్టరు ముందు శ్రమల దినాలంటగా? మాంసం మానేస్తారు, సినిమాలు మాత్రం చూస్తారా? మా కోడలు చెప్పింది, ఆదివారం మీ ఇంట్లోంచి ఏవో అరవం కాని అరవం మాటలు వినపడుతున్నాయని."

"పాటలుండవే. ఫైట్లుండవు. చూస్తే నువ్వు నిద్రపోతావు."

"మరెందుకు చూడ్డం?"

"సువార్త రాసిందే, తెలుగులో."

హనుమాయమ్మ చేతులు ఆగాయి. ఎండుటాకు ఒకటి ఏరి పారేసి, గొంతు తగ్గించింది.

"నువ్వు వినే ఉంటావు. మీ అల్లుడికి దాచేపల్లి సంబంధం ఖాయం అయిందంటగా. టీచరమ్మంట, క్రిస్టీనా అని. మొగుడు సిమెంటు ఫ్యాక్టరీలో పోయాడంట. ఈస్టరు పోయాక పెళ్లి. అతనికి కూడా అక్కడే ఫ్యాక్టరీలో పని చూస్తున్నారంట."

విన్నాను. పాస్టరు గారి భార్య చెప్పింది. తప్పనలేదు నేను. ముప్పై ఆరేళ్ల మనిషి, నాలుగేళ్లు ఆగాడు. ఈ కాలంలో ఎవరు ఆగుతారు?

"మంచిదేగా" అన్నాను.

"మంచిదే. మరి పిల్ల?"

అల్లుడు చెప్పలేదు. నేను అడగలేదు. అడగాలంటే ఆరాధనతో అడిగించాలి. ఆ మాట ఆ పిల్ల నోట ఎలా పలికించను? "మీ నాన్న నిన్ను తీసుకెళ్తాడా, నా దగ్గర వదులుతాడా, కనుక్కో" అని చెప్పనా?

"దాచేపల్లి ఏమన్నా దుబాయా అక్కా. రెండు బస్సులు మారితే చాలు" అంది హనుమాయమ్మ.

కళ్లల్లో నీళ్లొచ్చాయి. కల్లంలో ఎవరికైనా వస్తాయి, ఎవరూ పట్టించుకోరు. కానీ తుడుచుకోకూడదు. కాయ పట్టుకున్న చేత్తో కన్ను ముడితే ఇక రెండ్రోజులు మంటే. ఇంటికెళ్లాక ఆరాధన తన గౌను అంచుతో నా కళ్లు తుడుస్తుంది. దానికి నాలుగో ఏటి నుంచి అలవాటు. "కళ్లు ముయ్యి అమ్మమ్మా" అని, ఒక చేత్తో నా గడ్డం పట్టుకుని తుడుస్తుంది. పడుకునేటప్పుడు నా చీర చెంగు గుప్పిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోదు.

ఆ సాయంత్రం మనసులో లెక్కేసుకున్నాను. ఇంకా ఏడు సినిమాలున్నాయి. తొమ్మిదీ చూశాక ల్యాప్‌టాప్ శ్యామ్ సుందర్‌కి పంపిస్తానని అల్లుడు ఫోన్లో అన్నాడు. ఈ సినిమాలు నడుస్తున్నంత కాలం ఈ ఇంట్లో ముగ్గురం ఒకచోట కూర్చుంటాం. ఏ సంగతీ తేలదు.

*

మూడో సినిమా చూసి ఆరాధన పొట్ట పట్టుకుని నవ్వింది. నదిలోంచి ఒక జంతువు లేస్తుంది. అది చేపా కాదు, మొసలీ కాదు. రబ్బరుతో చేసింది. వీపు మీద జిప్పు కనిపిస్తూనే ఉంది.

"నాన్నా, దానికి జిప్పుంది! లోపల మనిషున్నాడు!"

"ష్. వాళ్లకి తెలియదమ్మా" అన్నాడు అల్లుడు.

అందులో మనుషులు చచ్చిపోతూ కూడా ఉపన్యాసాలు చెబుతారు. ఇంత చెత్త సినిమాకి సువార్త ఎందుకు కూర్చుని రాసిందో నాకు అర్థం కాలేదు. అల్లుడు నోటుపుస్తకం తీసి గట్టిగా చదివాడు. పిల్లకి చదివినట్టే.

"ఈ సినిమా వచ్చినప్పుడు ఎవరూ చూడలేదంట. ఇరవయ్యేళ్ల తర్వాత ఎవరో మళ్లీ వేస్తే జనానికి పిచ్చి పట్టిందంట. ఇప్పుడు ఆ దేశంలో ఏడాదికోసారి వేస్తారు. చూసేవాళ్లకి డైలాగులన్నీ నోటికొచ్చు. సగం హాలు ఒకరి మాట చెబితే, సగం హాలు ఇంకొకరి మాట చెబుతారు. తెర మీద మనిషి నోరు విప్పకముందే."

"గుళ్లో చేసినట్టా?" అన్నాను. మా గుళ్లో పాస్టరు గారు ఒక వచనం చదివితే సంఘం తర్వాతి వచనం చదువుతుంది. అలా పీఠం వైపు నుంచి ఒకటి, బల్లల వైపు నుంచి ఒకటి.

"అవును, అలాగే" అన్నాడు.

మధ్యలో ఆరాధన లేదు. నేను అడిగాను, అతను జవాబు చెప్పాడు. ఇద్దరం ఒక్కసారే తల దించుకున్నాం. పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "చెవుడు పోయిందా?" అంది.

అయిదోది పెద్ద ఆనకట్ట కింద మునిగిన ఊరి సినిమా. ఎక్కడో కొండల దేశం. ఉత్తరాలు పంచే ఆమె పడవేసుకుని నీళ్ల మీద తిరుగుతూ, ఇది ఫలానా వాళ్లిల్లు అని గుర్తుపట్టి, ఉత్తరానికి రాయి కట్టి అక్కడ వదులుతుంది. మా పెదనాన్న కూతురి ఊరు పులిచింతలలో మునిగింది. నాకు ఆ సినిమా నచ్చింది. ఆరోదానిలో ఒకామె రెండు గంటలసేపు గోడకి సున్నం వేస్తుంది. ఇంకేమీ లేదు. అది ఇంకా నచ్చింది. అల్లుడు నిద్రపోయాడు. అత్తగారి ముందు గురక పెట్టాడు. లేచాక సిగ్గుపడి బయటికెళ్లి బండి కడిగాడు.

ఏడోదాని దగ్గర్నుంచి నేను దొంగనయ్యాను.

"ఆరాధనా, మీ నాన్నని వెనక్కి తిప్పమను. చదవలేకపోయాను."

నిజానికి చదివాను. ఆరు మాటలు చదవడానికి నాకు ఎంతసేపు పడుతుందో నా కూతురికి తెలుసు. ఒక్క లైను కూడా నన్ను వదిలిపెట్టి ముందుకి పోలేదు. అయినా వెనక్కి తిప్పించాను. అలా గంటన్నర సినిమా సగమయ్యేసరికే దీపాలు పెట్టే వేళయ్యేది. మిగతాది వచ్చే ఆదివారానికి. ఏడు, ఎనిమిది, రెండూ రెండేసి వారాలు పట్టాయి.

ఎనిమిదోది చూస్తుంటే ఆరాధనే విసుక్కుంది. "అమ్మమ్మా, ఇప్పుడే కదా తిప్పారు!"

అల్లుడు తెర వైపే చూస్తూ అన్నాడు. "అమ్మమ్మకి చెప్పు, ఎన్నిసార్లయినా తిప్పుతానని."

అతనికి తెలుసని నాకు అప్పుడు తెలిసింది. చెంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా తిప్పమనలేదు.

*

ఈస్టరు వెళ్లింది. బళ్లకి సెలవులిచ్చారు. గుళ్లో పిల్లలకి సెలవుల బడి పెట్టారు. మే మొదటి ఆదివారం సాయంత్రం దాని ముగింపు. ఆరాధన గొర్రెపిల్ల వేషం వేస్తోంది. మధ్యాహ్నం నుంచే రిహార్సల్‌కి పోయింది. దూది అంటించిన టోపీ పెట్టుకుని, గుమ్మం దాటుతూ, "నేను లేకుండా సినిమా పెట్టొద్దు" అంది. మలుపు దాకా చూశాను. పెళ్లి ఆ శుక్రవారమే.

నేను గిన్నెలు కడుక్కుని వచ్చేసరికి అల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి ఉంచాడు. కుర్చీలో కూర్చోలేదు. చాప మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను చాప రెండో కొసన కూర్చున్నాను.

నలుపు తెలుపు సినిమా. మంచు దేశం. ఒక ఇనుప వంతెనకి రంగు వేయడానికి వేరే ఊరి నుంచి ఒకతను వస్తాడు. వంతెన కింద ఒక ముసలామె ఇల్లు. ఆమె ఇంట్లో దిగుతాడు. చలికాలం మొదట్లో మేక ఈని చచ్చిపోతుంది. దాని పిల్లని అతను కోటు లోపల పెట్టుకుని తిరుగుతాడు. అతను పనికెళ్లాక ముసలామె దానికి గుడ్డ పీలిక పాలలో ముంచి నోటికి పెడుతుంది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోరు. మాట్లాడుకున్నా పొయ్యి గురించి, మంచు గురించి.

గంటా పన్నెండు నిమిషాల దగ్గర అతను వంతెన మీద నిలబడి బ్రష్షు చూసుకుంటూ ఏదో అన్నాడు.

"ఈ రంగు ఆరాలంటే ఎండ కావాలి."

దాని తర్వాత ఇంకేమీ రాలేదు. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. వంతెన కింద నుంచి ఇంకెవరో జవాబు చెప్పారు. కింద అక్షరాలు లేవు. అక్షరాలు రావడం ఆలస్యమైందేమో అనుకుని చూస్తూ కూర్చున్నాను.

"ఇక్కడిదాకే చేసింది" అన్నాడు అల్లుడు. పక్కన పిల్ల లేదు. నాకే చెప్పాడు. "ఆ దేశపాయన ఒకరు ఇంగ్లీషులో రాసి ముక్కలుగా పంపేవారంట. మిగతాది వచ్చేలోపు…"

ఆపేస్తాడేమో అనుకున్నాను. ఆపలేదు. బయట ఎవరో కల్లం మీద పట్టా కప్పుతున్న చప్పుడు. తెర మీద మనుషుల నోళ్లు కదులుతున్నాయి. వాళ్లు చెప్పుకునేది మాకు కాదు. మా సువార్త జ్వరంతో లేచి నీళ్లు అడిగిన పొద్దు అది. ఆ లైను రాసి, మూతవేసి, లేచి ఉంటుంది.

అలా పావుగంట గడిచింది. మంచు కరిగింది. వంతెన పని అయిపోయినట్టుంది. రంగు వేసే అతను సంచి భుజాన వేసుకుని ముసలామె గుమ్మం ముందు నిలబడ్డాడు. మేకపిల్ల మెడకి తాడు ఉంది. తాడు ఆమె చేతిలో ఉంది. అతను టోపీ తీసి, మొహం నేలకి దించి, మాట్లాడడం మొదలుపెట్టాడు.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ నా పని అయిపోయింది, అంటున్నాడు."

నేను తెర వైపే చూశాను.

"ఈ మేకపిల్లని నాతో తీసుకెళ్తాను, అంటున్నాడు."

తెర మీద అతను ఇంకా ఏదో చెప్పాడు. అల్లుడు ఆగి, అతను ఆపాక చెప్పాడు. "పేరుకే నాది. పెంచింది మీరు."

అప్పుడు ముసలామె మొహం తెర నిండా వచ్చింది. ఎముకలు తేలిన మొహం. పెదవులు కదిలాయి. బల్లల వైపు నుంచి రావలసిన వచనం కోసం పాస్టరు గారు ఆగినట్టు అల్లుడు ఆగాడు.

"దానికి అక్కడి గడ్డి పడుతుందో లేదో" అన్నాను.

"అక్కడ ఒకామె ఉంది. మంచిది."

"పడుకునేటప్పుడు ఏదో ఒకటి పట్టుకోవాలి దానికి."

"తెలుసు. మీ చీర ఒకటి ఇవ్వండి."

ఆ దేశంలో చీరలు లేవు. ముసలామె ఒంటి మీద ముతక కోటూ, తలకి రుమాలూ ఉన్నాయి. అల్లుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తెర మీద అతను మాట్లాడుతూనే ఉన్నాడు గానీ ఇక్కడ ఎవరూ చెప్పేవాళ్లు లేరు. ముసలామె అంతా విని, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ఖాళీ గుమ్మం చూపిస్తూనే ఉన్నారు. ఆఖరికి ఎండుగడ్డి మోపు ఒకటి తెచ్చి అతని సంచి మీద పెట్టి, తాడు అతని చేతికిచ్చింది.

కళ్లు తుడిచేవాళ్లు గుళ్లో గొర్రెపిల్ల వేషంలో ఉన్నారు. వాటంతట అవే ఆరాయి. సాయంత్రం ఇద్దరం ముగింపుకి వెళ్లాం. ఆరాధన మందలో చివర నిలబడి, తన మాట మర్చిపోయి, నా వైపు చూసింది. నేను పెదవులు కదిపి అందించాను.

*

పెళ్లికి వెళ్లాను. క్రిస్టీనా నిజంగానే మంచిది. నా చేతులు పట్టుకుని, "మీరు కూడా వచ్చేయండి అత్తయ్యా" అంది. అన్నది అబద్ధం కాదు, నిజంగా రమ్మనడానికి అన్నదీ కాదు. పెళ్లయిన వారానికి అల్లుడు వచ్చి పిల్లని తీసుకెళ్లాడు. ట్రంకుపెట్టెలో పైన నా చీరాల నేత చీర పెట్టాను. ముందు ఉతికింది పెట్టబోయాను. అల్లుడు అది చూసి, దండెం మీద ఉన్న కట్టి విడిచిన చీర వైపు చూశాడు. అదే పెట్టాను.

ఈసారి నేను చూస్తుండగానే పోవాలని, వంటలన్నీ తెల్లవారకముందే ముగించి, పంపు దగ్గరికి కూడా పోకుండా, వాళ్ల వెంట బస్సు దాకా నడిచాను. బస్సు కదిలింది. కళ్లు ఆర్పకుండా చూశాను. ఆరాధనకి కిటికీ పక్క సీటు దొరికింది. ఆ సంబరంలో అది అటు పొలాల వైపు చూస్తూ ఏదో చూపిస్తోంది వాళ్ల నాన్నకి. వెనక్కి తిరగలేదు. చూస్తే ఏదో తేడా ఉంటుందని ముప్పై ఏళ్లుగా అనుకున్నాను. ఏమీ లేదు.

వానలు మొదలయ్యాక శ్యామ్ సుందర్ ఫోను చేశాడు. ఇప్పుడు నాకే చేస్తున్నాడు.

"అమ్మా, మంచి వార్త. తొమ్మిదో సినిమా మిగతా డైలాగులు దొరికాయి. ఆ దేశపాయన మళ్లీ పంపించారు. నేను పూర్తి చేస్తాను. సువార్త గారి పేరే ఉంచుతాను. ఆ గుమ్మం దగ్గర సీను ఉంది చూశారా, అందులో అతను అనేదేంటంటే…"

"చెప్పొద్దు నాయనా" అన్నాను.

"అదేంటమ్మా?"

"నువ్వు సరైనదే రాసి లోకానికి పెట్టు. తప్పు రాస్తే సువార్త ఒప్పుకోదు. నాకు మాత్రం ఖాళీగా ఉన్నదే ఉంచు."

"లైన్లు చిన్నవిగానే పెడతానమ్మా" అన్నాడు.

"పెట్టు. నెమ్మదిగా చదివేవాళ్లు ఎక్కడో ఉంటారు."

హనుమాయమ్మ తోడు రమ్మంటే పొగాకు నారు పీకడానికి పోవడం, లేని రోజున లైబ్రరీ. ఆరాధన ఆదివారం ఫోను చేస్తుంది. చీరకి వాసన పోయిందని మొన్న చెప్పింది. ఇప్పుడది లేకపోయినా నిద్ర పడుతోందట. మంచిదమ్మా అన్నాను.

ఫోను పెట్టేశాక నోటుపుస్తకం తీశాను. సువార్త చేతిరాతలో ఆఖరు లైను, రంగు ఆరడం గురించి. దాని కింద పేజీ ఖాళీ. నా అక్షరాలు పెద్దవి, వంకర. ఆ మధ్యాహ్నం అల్లుడు చెప్పినవీ, నేను చెప్పినవీ వరసగా రాశాను. ముసలామె లోపలికి పోయిన చోట రెండు గీతల ఖాళీ వదిలాను. రాశాక ఒక్కో లైను కింద వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. అతను చెప్పిన వాటిలో ఏదీ ఆరు మాటలు దాటలేదు.

చీర అన్న మాట ఒక్కటే తప్పు. ఆ దేశంలో అది ఉండదు. పెన్సిలు దాని దాకా వెళ్లింది. దిద్దలేదు.